ఒక్క దిండు వేసిన పక్క

సలోమత్ రెండోసారి పారిపోయి వచ్చినప్పుడు తన పెళ్లి దుప్పటిని ఒంటికి చుట్టుకుని వచ్చింది. కాళ్లకు జోళ్లు లేవు. ఎడమ చెవి తమ్మె తెగి ఉంది కాబట్టి చెవిపోగు ఏమైందని ఎవరూ అడగలేదు. కుడిచేతి రెండు వేళ్లు వాచి, ఉండకూడని వైపుకు తిరిగి ఉన్నాయి. నూరతాలో అప్పటికి మల్బరీ పళ్లు రాలడం అయిపోయింది. ఎండలు ముదిరి, మేము లోపలి గదులు వదిలి పెరటి వసారాలో పడుకోవడం మొదలుపెట్టి వారం.

ఆమె నా ఆడపడుచు, నా భర్త ముకీమ్‌కు ఒక్కగానొక్క చెల్లెలు. కొండ అవతల గొర్రెపిల్లల తోళ్లు అమ్మే బెర్దియార్‌కు ఇచ్చి రెండేళ్లయింది. కట్టెలు మోసే గాడిదల వెంట కొండ దాటి నడిచి వచ్చింది. మా అత్త హోసియత్ కూతుర్ని చూసి ఏడవలేదు, తిట్టలేదు. గోడకు ఆనించి కూర్చోబెట్టి, నోట్లో గుడ్డ కుక్కి, వేళ్లు రెండూ లాగి సరిచేసి, గుడ్డుసొన రాసి, మల్బరీ పుల్లలు పెట్టి కట్టింది. చేతులు కడుక్కుని వచ్చాక, "మూడు రోజులుండు. నాలుగో రోజు మీ ఆయన వస్తాడు," అంది.

అత్తకు జాలి లేక కాదు. తిరిగొచ్చిన కూతురు ఇంట్లో ఉంటే ఆ ఇంటి దూలానికి పురుగు పడుతుందని ఆమె తల్లి చెప్పింది, ఆ తల్లికి ఇంకెవరో చెప్పారు. అంతకు ముందు చలికాలంలో సలోమత్ మొదటిసారి వచ్చినప్పుడు వీపంతా కొరడా వాతలు. అప్పుడు మూడు రోజులుంచుకుని పంపేశాం. ముకీమే గాడిద ఎక్కించి స్వయంగా దించి వచ్చాడు. అన్న అటు కొండ ఎక్కగానే బెర్దియార్ ఆమెను తోళ్లు ఒలిచే కొట్టంలోకి లాక్కెళ్లి గుంజకు కట్టేశాడట. పుట్టి మూడు రోజులైనా కాని గొర్రెపిల్లలను ఆ కొట్టంలోనే కోస్తారు. రెండు రోజులు ఆ నెత్తుట్లో నిలబడి ఉందట. ఈ సంగతి ఈసారి నాకు ఒక్కదానికే చెప్పింది.

"ఇంకోసారి గడప దాటితే కొక్కేనికే తగిలిస్తానన్నాడు వదినా. ఆడిన మాట తప్పడు. ఆ మనిషిలో ఉన్న మంచి గుణం అదొక్కటే," అంది.

మా వీధిలో అలిగి వచ్చిన ఆడపిల్లకు పక్క వేయడానికి ఒక పద్ధతి ఉంది. మూడు రాత్రులు ఆమెకు చారల బొంతలు వేస్తారు. అవి చుట్టాలకు వేసేవి. అంటే ఈ పిల్ల చుట్టం, వెళ్లిపోతుంది అని. నాలుగో రోజు అల్లుడు వస్తాడు. అతనికీ ఆమెకూ కలిపి వసారాలో వేసవి పక్క వేస్తారు. రెండు దిండ్లు, ఒకే రజాయి, ఇంట్లో ఉన్నంతలో మంచి పూల పని. తెల్లారి ఇద్దరూ కలిసి వెళ్తారు. అలా కాకుండా ఆమె పెళ్లి దుప్పటిని పుట్టింట్లో పరిచి, ఒక్కటే దిండు వేస్తే, పిల్లను ఇక పంపేది లేదని అర్థం. ఆ మాట మగవాళ్లు నోటితో అనరు. అల్లుడు పక్క చూసి తెలుసుకుంటాడు, సంగతి ఖాజీ దగ్గరికి పోతుంది. నేను కాపురానికి వచ్చిన పదకొండేళ్లలో మా వీధిలో అలాంటి పక్క ఒక్కసారే వేశారు. ఆ ఇంటివాళ్లతో తర్వాత ఎవరూ వియ్యమందలేదు.

ఆ దుప్పటి మీద రక్తం ఉంటే నేనే చన్నీళ్లలో బూడిద వేసి ఉతికాను. పెళ్లి దుప్పటిని మా దగ్గర ఒక్కరే కుట్టరు. అయిదు పట్టీలను వదులుగా కలిపి, పూలు గీసే ఆవిడ మొత్తం గీశాక, మళ్లీ కుట్లు విప్పి ఇంటికొక పట్టీ పంచుతారు. అందరి పనీ అయ్యాక తిరిగి కలుపుతారు. నా సగం పువ్వు ఇంకొకరి సగం పువ్వుతో సరిగ్గా అతకదు, ఒకరి ఎరుపు ఇంకొకరి ఎరుపు కాదు. అందులో ఎడమ పట్టీ నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడు కుట్టింది. కుడి పట్టీ అత్త కుట్టింది. మూడు వైపులా దానిమ్మలు, మిరపకాయలు, నడుమ అంతా తెల్లటి ఖాళీ. ఆ ఖాళీలోనే మరక ఉంది. ఎంత రుద్దినా తేనె రంగులో కొంచెం మిగిలింది. ఆరేస్తుంటే అత్త చూసి, మడిచి పెట్టెలో పెట్టమని, పిల్లతో పాటే అదీ వెళ్తుందని చెప్పింది.

ముకీమ్ జీనులు కుట్టేవాడు. ఆయన చెయ్యి కూడా తేలికైంది కాదు. తోలు పట్టీని తడిపి కొడితే చర్మం చిట్లదని ఆయనకు తెలుసు. అది వీధిలో అందరికీ తెలిసిన సంగతే. ఎవరూ తప్పనుకోలేదు, చాలా ఏళ్లు నేనూ అనుకోలేదు. చెల్లెలు వచ్చిన రెండో రోజు సాయంత్రం ఆయన ఆమె ముందు గొంతుక్కూర్చుని, కట్టిన వేళ్లను కాసేపు చూశాడు. లేచి దుకాణానికి వెళ్లిపోయాడు. బెర్దియార్‌కు కబురు పంపింది మాత్రం ఆయనే.

నాలుగో రోజు మధ్యాహ్నం అత్త నన్ను పిలిచి పక్క ఎలా వేయాలో చెప్పింది. కింద పసుపు చారల బొంత, పైన దానిమ్మల రజాయి, దిండ్లకు బాదంకాయల గలీబులు. అల్లుడు చూడగానే మనసు మెత్తబడాలని అంది.

పక్కలు వేయడంలో నాకు పేరుంది. పెళ్లిళ్లకు పిలిచి మరీ వేయించుకునేవాళ్లు. వేసవి పక్క విషయంలో నాకు కొన్ని పట్టింపులు ఉన్నాయి. రెండు గట్టి పూల పనులను పక్కపక్కన పెడితే తోడికోడళ్లలా కొట్టుకుంటాయి. పూల కింద చారలుండాలి, ఆ చారలు తలవైపు నుంచి కాళ్లవైపుకు పారాలి. ఎరుపు కాళ్ల దగ్గర ఉండాలి, కళ్ల దగ్గర కాదు. ఎంత మంచి పనైనా సరే, సగం చోటు ఖాళీగా ఉండాలి. లేకపోతే ఎండాకాలంలో నిద్ర రాదు.

అత్త చెప్పినట్టే ముందు వేశాను. వసారా స్తంభానికి ఆనుకుని సలోమత్ ఎడమచేత్తో ఈగలు తోలుకుంటూ చూస్తోంది.

"బాగుంది వదినా. ఎరుపు ఎక్కువ వేశావు. పొద్దున్నకి మరకలు కనబడకుండానా?" అంది. నవ్వబోయేసరికి పెదవి పగిలిన చోట మళ్లీ నెత్తురు వచ్చింది.

రజాయి తీసేశాను. నీలం చారలు వేసి చూశాను. బాదంకాయలు వాటి మీద మరీ చిన్నగా కనబడ్డాయి. గలీబులు మార్చి మిరపకాయలవి తొడిగాను. చారలకు పడ్డాయి కానీ రెండు దిండ్లు పక్కపక్కన ఉంటే పందెంలోకి వదిలిన కోళ్లలా ఉన్నాయి. ఒక దిండు తీసి పక్కన పెట్టాను, ఇంకో గలీబు తొడుగుదామనే. తీసిన చోట పక్క ఒక్కసారిగా కుదురుగా కనబడింది. చాలాసేపు అక్కడే నిలబడ్డాను. తర్వాత లోపలికి వెళ్లి పెట్టె తెరిచాను.

చెయ్యి దానంతటదే పోయిందని తర్వాత నన్ను వెనకేసుకొచ్చిన వాళ్లతో అన్నాను. అది నిజం కాదు.

తెల్లటి ఖాళీని సరిగ్గా నడిమికి తెచ్చి, అంచులు లాగి, ముడతలు లేకుండా పెళ్లి దుప్పటి పరిచాను. ఒక్క దిండు వేశాను. సలోమత్ ఈగలు తోలడం ఆపింది.

"అన్నయ్య నిన్ను చంపుతాడు," అంది.

"మీ అన్నయ్య కొడతాడు. చంపేవాడు వేరే ఉన్నాడు," అన్నాను.

అత్త పొయ్యి దగ్గర పలావుకు క్యారెట్లు తరుగుతోంది. అటువైపు రాలేదు. రాకపోవడం అలసట వల్లనో, ఇంకెందుకో, నేను ఇప్పటికీ చెప్పలేను.

బెర్దియార్ పొద్దు వాలకముందే వచ్చాడు. వెంట అతని చిన్నాన్న ఉన్నాడు. మర్యాదకు మా వీధి ఇమాంను కూడా ముకీమ్ భోజనానికి పిలిచాడు. నలుగురూ బయటి గదిలో తిన్నారు. నవ్వులు వినబడ్డాయి. ఆ ఏడు గొర్రెపిల్లల ఉంగరాల బొచ్చు ఎంత బిగువుగా ఉందో బెర్దియార్ చెబుతున్నాడు. తిన్నాక, పెద్దలను అక్కడే ఉంచి, ముకీమ్ బావను పెరటిలోకి తీసుకొచ్చాడు. ఇంకా వెలుగుంది. నేను ముసుగు ముఖం మీదికి లాక్కుని నీళ్ల కుండ దగ్గర నిలబడ్డాను. సలోమత్ తలుపు చాటున ఉంది.

బెర్దియార్ పక్కను చూశాడు. వెంటనే కోపం రాలేదు అతనికి, నవ్వొచ్చింది.

"ఏం బావా, మీ ఇంట్లో దిండ్లకు కరువొచ్చిందా?" అన్నాడు.

ముకీమ్ దుప్పటిని చూశాడు, తల్లిని చూశాడు. అత్త మొహం చూడగానే ఆమెకు తెలియదని ఆయనకు అర్థమైంది. అప్పుడు నా వైపు తిరిగాడు. గొంతు మామూలుగానే ఉంది.

"పొరపాటున వేసినట్టున్నావు. తీసి వేరేది వెయ్యి."

నాకు దారి వదిలాడు. ఊ అని వంగి దుప్పటి మడిస్తే చాలు, ఆ రాత్రి అందరం పడుకునేవాళ్లం.

"పొరపాటు కాదు," అన్నాను.

ఆయన పిడికిలితో కొట్టాడు. కింది పన్ను ఒకటి ఊడి నాలుక మీద పడింది. మళ్లీ అడిగాడు. నోట్లో నెత్తురు వల్ల మాట సరిగ్గా రాలేదు కానీ అదే మాట అన్నాను. రెండో దెబ్బకు కుండ మీద పడ్డాను. కుండ పగిలి నీళ్లు వసారా అంతా పారాయి.

"నీ ఇంట్లో ఆడవాళ్లు పక్కలూ వేస్తారు, తీర్పులూ చెబుతారన్నమాట," అన్నాడు బెర్దియార్. "చెయ్యి నొప్పి పుట్టించుకోకు బావా. నాది నేను తీసుకుపోతాను."

బూట్లతోనే దుప్పటి తొక్కుకుంటూ వెళ్లి తలుపు తన్నాడు. సలోమత్ జుట్టు చేతికి చుట్టుకుని బయటికి ఈడ్చాడు. ఆమె మంచి చేత్తో స్తంభాన్ని పట్టుకుంది. విడిపించలేక, అతను రెండో చేతిని పట్టి, పుల్లలు కట్టిన వేళ్లను స్తంభానికేసి కొట్టాడు. ఆమె అరిచిన అరుపు మనిషి అరుపులా లేదు. ముకీమ్ కదల్లేదు. భార్యను కొట్టినవాడు బావను ఏ నోటితో ఆపుతాడు?

అత్త పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. తొందర పడలేదు. చెప్పులు విప్పి, దుప్పటి నడుమ ఆ తెల్లటి చోట కూర్చుని, పడి ఉన్న కూతురి తల ఒళ్లో పెట్టుకుంది.

"నేను లేచాక కొట్టుకో అల్లుడూ," అంది.

లేవలేదు. బెర్దియార్ నడుముకున్న కొరడా తీశాడు. భార్యనే గురి చూశాడని, అరుపు విని గుమ్మం దాకా వచ్చిన అతని చిన్నాన్న తర్వాత ఖాజీ దగ్గర ప్రమాణం చేశాడు. అది నిజమే కావచ్చు. కొరడా మా అత్త చెంప మీద, కంటి మీద పడింది.

అప్పుడు ముకీమ్ కదిలాడు. చేతిలో ఏమీ లేదు. బెర్దియార్ దగ్గర తోలు ఒలిచే వంకర కత్తి ఉంది. అది ముకీమ్ పక్కటెముకల కింద పిడిదాకా దిగింది. దిగాక కూడా ఆయన చేతులు బెర్దియార్ మెడ వదల్లేదు. తడిసిన తోలును లాగి లాగి గట్టిపడిన చేతులవి. ఇమాం, చిన్నాన్న పరిగెత్తుకొచ్చి, ఒక్కొక్క వేలూ విడదీయాల్సి వచ్చింది. పెళ్లి దుప్పటిలో తెలుపన్నది మిగల్లేదు.

బెర్దియార్‌ను కోటలో గొలుసులు వేసి ఉంచారు. ముకీమ్ పదిరోజులు బతికాడు. వసారాలోనే ఉంచాం, లోపలైతే వేడికి పుండు ఇంకా కుళ్లుతుందని. రోజుకు నాలుగుసార్లు పక్క మార్చేదాన్ని. చారలు, పూలు, బాదంకాయలు, దొరికింది దొరికినట్టు వేశాను. ఏది దేనికి పడుతుందో చూడలేదు. నాలుగో రోజుకు ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ చీము పట్టాయి. చూడవచ్చిన ఆడవాళ్లు నాకు వినబడేలాగే మాట్లాడుకున్నారు. "పేరున్న చెయ్యి కదా, పక్కతో పాటు పాడె కూడా వేసింది," అంది ఒకామె. అత్త ఒక కన్ను మూసుకుపోయి, రెండో కంటితో నన్ను దాటి చూసేది. నాతో మాట్లాడలేదు.

ఏడో రోజు ఆయనకు జ్వరం కాస్త దిగింది. తల కింద చెయ్యి పెట్టి నీళ్లు తాగిస్తుంటే, నా నోట్లో పన్ను లేని చోటు చూస్తూ అడిగాడు.

"ఆ రోజు పొరపాటని ఎందుకనలేదు? ఒక్క మాట. అందరం బతికేవాళ్లం."

"అందరమా?" అన్నాను.

పెరట్లో సలోమత్ ఎడమచేత్తో, పళ్లతో ఆయన తడిగుడ్డలు పిండుతోంది. ఆయన అటు చూసి కళ్లు మూసుకున్నాడు.

తొమ్మిదో రోజు ఇమాం వచ్చాడు. అమీరు కోటలో ఉన్న అధికారి కబురు చెప్పాడు. ముకీమ్ పోతే బెర్దియార్‌కు ఉరి. అయితే గాయపడ్డవాడు బతికుండగానే క్షమిస్తే ఉరి ఉండదు, క్షమించడానికి బదులుగా ఏదైనా కోరుకోవచ్చు. అత్త గోడవైపు నుంచే, వాడి మెడకు తాడు చూడాలి, ఇంకేమీ వద్దంది. బెర్దియార్ ఇంటివాళ్లు మూడొందల గొర్రెలు ఇస్తామన్నారని ఇమాం నెమ్మదిగా చెప్పాడు.

ముకీమ్ నోరు తెరిచాడు.

"వాడు చస్తే చెల్లెల్ని వాడి తమ్ముడికి కట్టబెడతారు. ఆ తమ్ముడి చేతిలోనూ కొరడా ఉంది. నాకు గొర్రెలొద్దు, తాడొద్దు. వాడొచ్చి ఇక్కడ నిలబడి మూడుసార్లు తలాక్ అనాలి."

మర్నాడు పొద్దున్నే బెర్దియార్‌ను గొలుసులతోనే తీసుకొచ్చారు. మెడ మీద ముకీమ్ వేళ్ల గుర్తులు నల్లగా ఉన్నాయి. ఇమాం చేసిన తప్పు ఒకటుంది, మంచికోరి చేసిందే. ముకీమ్ ఊపిరి గురగురలాడుతుంటే భయపడి, ఎప్పుడాగిపోతుందోనని, ముందు క్షమించిన మాట ఆయన చేత అనిపించాడు. ఆయన అన్నాడు. సాక్షులు విన్నారు. అంతటితో బెర్దియార్ మెడ తాడు నుంచి తప్పుకుంది. ఇక అనాల్సింది అతనే.

సలోమత్ పేరు, ఆమె తండ్రి పేరు చెప్పి, మొదటిసారి తలాక్ అన్నాడు. రెండోసారి అన్నాడు. ఆ తర్వాత ఆగాడు. గొంతు ఎండుకుపోయిందన్నాడు. టీ కావాలన్నాడు. చెబుతున్నంతసేపూ అతని చూపు ముకీమ్ ఛాతీ మీదే ఉంది. ప్రతిసారీ అది లేవడానికి ముందుకంటే ఎక్కువసేపు పడుతోంది. రెండుసార్లతో పెళ్లి తెగదు. ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. పక్క మీది మనిషి పోతే, ఏడుపులూ పరుగులూ మొదలైతే, మూడోసారి ఎవరు అడుగుతారు? ఇది అక్కడున్న అందరికీ ఒకేసారి అర్థమైంది. ముకీమ్ కళ్లు తెరిచే ఉంచాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. నన్ను కొట్టిన చెయ్యే అది. ఊపిరిని పళ్లతో పట్టి లాగుతున్నట్టు లాగుతున్నాడు.

అత్త లేచి టీ తనే పోసింది. గిన్నె రెండు చేతులతో అతనికి అందించి, ఎదురుగా కూర్చుంది.

"తాగు అల్లుడూ, నిదానంగా తాగు," అంది. "వీడు పోతే నేనుంటాను. నేను పోతే అదిగో, ఆ పక్క వేసిందుంది. నువ్వు క్షమాపణ తీసుకుంది ఒక్క మనిషి దగ్గరే."

ఆ పది రోజుల్లో ఆమె నా గురించి అన్న మొదటి మాట అది. బెర్దియార్ గిన్నెలోకి చూశాడు. తాగలేదు. దించి, మూడోసారి అన్నాడు.

నేను లోపలి గదిలోకి వెళ్లాను. సలోమత్ తలుపు వెనక నిలబడి ఉంది. అన్నీ వినే ఉంటుంది, అయినా అడిగింది.

"ఎన్నిసార్లు అన్నాడు?"

"మూడు."

"మూడోది కూడా నా పేరు పెట్టే అన్నాడా?"

"నీ పేరు పెట్టే."

ఆమె తలూపింది. ఆ గదిలో గుడ్డ పేలిక లేదు, అన్నీ వసారాలో ఆయన కిందే ఉన్నాయి. ఉత్త మట్టినేల మీద పక్కకు తిరిగి, విరిగిన చేతిని కడుపులో పెట్టుకుని పడుకుంది. నేను తలుపు వేసేలోపే నిద్రపోయింది. మధ్యాహ్నానికి ముకీమ్ పోయాడు. ఆడవాళ్లు గొంతెత్తి ఏడుస్తూ, చెల్లెల్ని లేపండి, అన్నను చివరిసారి చూడాలి కదా అన్నారు. నేను గడపకు అడ్డంగా కూర్చున్నాను. లేపొద్దన్నాను. అత్త వచ్చి నా పక్కన కూర్చుంది. సాయంత్రం శవాన్ని ఎత్తేదాకా మేమిద్దరం అక్కడి నుంచి కదల్లేదు.